ఒక్క రోజులో వయసు రాదండీ

మా నాన్న ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన నాలుగో రోజు సాయంత్రం, ఆస్పత్రి మంచం మీద దుప్పటి అంచును వేళ్లతో చింపుతున్నట్టు లాగుతూ "టికెట్... టికెట్... చిల్లరుందా?" అనడం మొదలెట్టాడు. మాకు నవ్వొచ్చింది. చూడ్డానికొచ్చిన బాబాయి "పోన్లే, ఉద్యోగం మర్చిపోలేదు" అన్నాడు. అమ్మ మాత్రం కళ్లొత్తుకుంది. ఎనభై దాటిన మనిషి, పైగా మత్తుమందు, ముసలితనం... అంతే అనుకున్నాం.

రాత్రి డ్యూటీకొచ్చిన నర్సు నవ్వలేదు. దగ్గరికొచ్చి "తాతగారూ, నేనెవర్ని?" అనడిగింది. నాన్న ఆమెను ఎగాదిగా చూసి "ఎక్కడికి పోవాలమ్మా?" అన్నాడు.

ఆమె మా వైపు తిరిగింది. "నిన్న రాత్రి నన్ను పేరు పెట్టి పిలిచారండీ. మాదే ఊరో కూడా అడిగారు. ఒక్క రోజులో వయసు రాదు కదండీ."

బీపీ చూసింది, షుగరు చూసింది, యూరిన్ బ్యాగు దగ్గర వంగి ఎంత పడిందో చూసి రాసుకుంది. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. అవతల ఏమన్నారో వినపడలేదు గానీ, "వయసు వల్ల కాదు సార్, నిన్న బావున్నారు, ఒకసారి ఎలక్ట్రోలైట్స్ పంపిద్దాం" అని ఆమె రెండుసార్లు అనడం విన్నాను. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని తేలేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరుగారికి ఇంటిల్లిపాదీ లేచి నిలబడి దండం పెట్టాం. ఆమె అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయింది.

ముసలివాళ్ల జబ్బుతో చిక్కేమిటంటే అది పుస్తకంలో చెప్పినట్టు రాదు. మూత్రంలో ఇన్ఫెక్షనొస్తే చలిజ్వరం రాకపోవచ్చు, మనిషి తికమకపడతాడు. న్యుమోనియా వస్తే దగ్గే లేకుండా అన్నం మానెయ్యొచ్చు. గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వచ్చిపోతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందంటారు, రోజుకు ఐదు నిమిషాలు చూసే డాక్టరుకి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనపడాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేది నర్సు. నిన్న ఎన్ని ముద్దలు తిన్నాడో, ఇవాళ ఎన్ని కక్కాడో, ఏ పక్క తిప్పితే మొహం ముడుచుకుంటున్నాడో ఆమెకు తెలుసు. దీన్ని మనం సేవ అంటాం. సేవ అని పెద్ద పేరు పెట్టేస్తే, అందులో ఉన్న చదువుకి డబ్బు కట్టక్కర్లేదు కాబోలు.

ఆ రాత్రి డ్యూటీ నర్సు నాన్న కళ్లజోడు ఎప్పుడూ చేతికందేలా ఉంచేది. పొద్దున డ్యూటీ దిగేముందు చెవి మిషను పెట్టించేది. రాత్రి కట్టుడు పళ్లు తీసి మూతున్న డబ్బాలో నీళ్లు పోసి దాని మీద పేరు రాసేది. ఆమెది శుభ్రతపిచ్చి అనుకున్నాను. కళ్లూ చెవులూ సరిగ్గా పనిచెయ్యకపోతే ముసలివాళ్లకు ఆస్పత్రిలో మతి చెదిరే ప్రమాదం పెరుగుతుందని, అదీ వైద్యంలో భాగమేనని తర్వాత తెలిసింది.

ఇక పడక పుండ్ల సంగతి. ఒకప్పుడు వాటికి స్పిరిటు రుద్దేవారు, పౌడర్లు చల్లేవారు, ఎవరికి తోచింది వాళ్లు పూసేవారు. అసలు పని చేసేది పూతలు కాదు, వేళకు మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పడమేనని ఇంగ్లండులో డోరీన్ నార్టన్ చూపించారు. 1962లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఎవరికి పుండ్లు పడే ప్రమాదం ఎక్కువో ముందే లెక్కగట్టే పద్ధతి ఆమె పేరు మీదే ఉంది. నార్టన్ డాక్టరు కాదు, నర్సు. ముసలివాళ్ల వార్డుల్లో మంచాల పక్కన నిలబడి చూసి కనిపెట్టిన సంగతది. రెండు గంటలకోసారి తిప్పడమంటే వినడానికి ఎంత తేలిగ్గా ఉందో! రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. అరవై అయిదు కేజీల మనిషి, ఆపరేషనైన కాలు అడ్డం తిరగకుండా తొడల మధ్య దిండు, మడమలు పరుపుకి తగలకుండా కింద ఇంకో దిండు. తోడుకి ఒక ఆయా దొరికితే అదృష్టం. ఇరవై ఒక్క రోజులకి నాన్న ఒంటి మీద ఒక్క ఎర్రమచ్చ లేదు. లేని పుండుని ఎవరు చూస్తారు? పడని మనిషిని చూసి, పొలమారని ముద్దని చూసి ఎవరు శాలువా కప్పుతారు?

బిల్లులో మాత్రం ఆమె ఉంది, పేరుతో కాదు. నర్సింగ్ ఛార్జీలని రోజుకింతని ఇరవై ఒక్క రోజులకీ వేశారు. అందులో మీకెంతొస్తుందమ్మా అనడిగితే నవ్వి, సెలైన్ వేగం సరిచేసి వెళ్లిపోయింది. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన తీర్పు వల్ల ప్రైవేటు నర్సుల జీతాల మీద ఒక కమిటీ పడింది. 200 మంచాలు దాటిన ఆస్పత్రులు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 మంచాల లోపు చిన్న ఆస్పత్రైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని అది చెప్పింది. మీకు తెలిసిన నర్సమ్మ ఎవరైనా ఉంటే ఆ ఇరవై వేలు వస్తున్నాయేమో అడిగి చూడండి.

నర్సుల సంఖ్యకీ చావుకీ లెక్క ఉందని కూడా ఎప్పుడో తేలింది. లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల ఆస్పత్రుల్లో యాభై ఏళ్లు నిండిన ఆపరేషన్ రోగుల్ని చూసి 2014లో లాన్సెట్‌లో రాసింది: ఒక నర్సు మీద అదనంగా ఒక్క రోగిని వేస్తే, రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని. మా వార్డులో రాత్రిపూట ఆమె ఒక్కతే ఎన్ని మంచాలకి తిరిగేదో నేను లెక్కపెట్టాను. ఇక్కడ రాయను, ఆమె ఉద్యోగం పోతుంది.

ఇంటికొచ్చాక ఏజెన్సీ వాళ్లు హోమ్ నర్సు అని ఒక పిల్లను పంపారు. మంచి పిల్ల. పదో తరగతి తప్పి, అంతకుముందు బట్టల కొట్లో చేసింది. మొదటి రోజే పడుకున్న మనిషి నోట్లో ఇడ్లీ ముక్క పెట్టింది. పొలమారి నాన్న కళ్లు తేలేశాడు. తప్పు ఆ పిల్లది కాదు. లేపి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, మింగాడో లేదో చూసి ఇంకో ముద్ద పెట్టాలని ఆమెకి ఎవరు చెప్పారు గనక? కానీ డైపరు మార్చే ప్రతి మనిషినీ నర్సనేశాక, నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినామె, మూడేళ్లు జీఎన్ఎం చదివినామె ఇంటికొచ్చి ఫీజు చెబితే "డైపరు మార్చడానికి ఇంతా?" అని బేరం మొదలవుతుంది. మేమూ ఆడాం ఆ బేరం. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా ఫోన్లోంచి ఓ చెయ్యేశాడు.

జర్మనీ వాళ్లు బేరమాడటం లేదు, జపాన్ వాళ్లూ ఆడటం లేదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు ఆ భాషలు నేర్పించి మరీ అక్కడికి పంపుతోంది. అక్కడి ముసలివాళ్లకు మనిషి చెయ్యి కావాలి. వెళ్లనివ్వండి, వాళ్లు బాగుపడటం నాకు సంతోషమే. అయితే ఇక్కడ ముసలివాళ్ల నర్సింగ్ ఒక ప్రత్యేక విద్య అన్న గుర్తింపే రాలేదు. ఏడాది డిప్లొమా కోర్సుంది గానీ, అది చదివినామెను రేపు కాన్పుల వార్డులో వేసినా అడిగే దిక్కు లేదు.

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. కమిటీ చెప్పిన జీతం ఇవ్వండి. రాత్రి వార్డులో ఇంకో మనిషిని వెయ్యండి. డిశ్చార్జ్ కాగితం మీద సర్జనుగారి పేరు, మత్తు డాక్టరుగారి పేరు, ఫిజీషియనుగారి పేరు డిగ్రీలతో సహా ఉన్నాయి కదా, దాని కింద ఆమె పేరు కూడా ఒక వరుసలో రాయండి.

నాన్న ఇప్పుడు వాకరు పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాడు. మొన్న కాఫీ తాగుతూ "ఆ రాత్రి డ్యూటీ పిల్ల పేరేంట్రా?" అనడిగాడు. ఆయన ఆమెని పేరు పెట్టి పిలిచేవాడు, సోడియంతో పాటు ఆ పేరూ కొట్టుకుపోయినట్టుంది. ఇరవై ఒక్క రోజులూ సిస్టర్, సిస్టర్ అని పిలిచిన నాకు తెలియనే తెలియదు. తమ్ముడికి పంపడానికని మంచానికి వేలాడే అట్టను అప్పట్లో ఫోటో తీశాను, అది వెతికాను. ఎడమ, వెల్లకిల, కుడి. ఎడమ, వెల్లకిల, కుడి. ప్రతి గడిలో టైము, దాని పక్కన నీలం ఇంకుతో రెండక్షరాల పొడి సంతకం. ఎంత పెద్దది చేసి చూసినా, ఆ రెండోది 'ర'నో 'ఠ'నో తేలలేదు.