అయిదు నిమిషాలే కదా!

అమ్మాయి పెళ్ళి కుదిరింది. మా ఆవిడ సామాను జాబితా రాసింది. అందులో మొదటి పద్దు ఇత్తడి బిందెలు. బిందెలు ఎక్కడైనా దొరుకుతాయి గాని, వాళ్ళ పుట్టింటివారు మూడు తరాలుగా బేగంబజారులోనే కొంటున్నారట. ఇక వాదమెందుకు?

మా అక్కయ్య కొడుకు జర్మనీ నుంచి సెలవు మీద వచ్చి వున్నాడు. "మామయ్యా, నాన్నగారి బండి ఖాళీగానే వుంది. నేను తోలుతాను, పదండి" అన్నాడు.

మా బావగారి బండి ఫార్చ్యూనర్. దాని కొలతలు వింటే మీరే ఆశ్చర్యపోతారు. పొడుగు దాదాపు 4 మీటర్ల 80 సెంటీమీటర్లు. వెడల్పు 1 మీటరు 85 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఆరడుగుల ఒక అంగుళం. చెవుల్లాంటి అద్దాలు దీనికి అదనం. ఒకనాటి మా మారుతి 800 వెడల్పు 1 మీటరు 44 సెంటీమీటర్లే. అందులోనే మేం అయిదుగురం తిరుపతి వెళ్ళి లడ్డూలతో సహా తిరిగి వచ్చాం.

ఇక అఫ్జల్‌గంజ్ సంగతి. 1857 నుంచి 1869 దాకా ఏలిన అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన పేట అది. ఎడ్లబండ్ల కాలం నాటి సందులు. ఒక పక్క ఉస్మానియా ఆస్పత్రి, దగ్గరలోనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఇటు బేగంబజారు, అటు మూసీ. రోగులూ, విద్యార్థులూ, వర్తకులూ, తోపుడుబండ్లూ, సిటీ బస్సులూ అందరికీ అవే దారులు.

మూడు ప్రదక్షిణలు చేశాం. చోటు దొరకలేదు. పక్కనున్న ఆటో అతను తల బయటికి పెట్టి, "సాబ్, యే గాడీ హై యా బంగ్లా?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

చివరికి ఒక దుకాణాల భవనం కింద సెల్లారు కనిపించింది. దిగాం. రెండు స్తంభాల మధ్య బండిని దూర్చాడు మావాడు. దూరింది గాని తలుపులు జానెడుకు మించి తెరుచుకోలేదు. వాడు సన్నవాడు, జారిపోయాడు. నా పొట్ట తలుపుకూ స్తంభానికీ మధ్య చిక్కుకుంది. కాపలావాడు వచ్చి, "సార్, మీరు లోపలే కూర్చోండి, బండిని బయటికి తీస్తే అదే తేలిక" అన్నాడు. తీశాం.

"ఇదేం వింత కాదు మామయ్యా, అక్కడా ఇదే గోల" అన్నాడు మావాడు. జర్మనీ గారేజీల్లో చాలా చోట్ల ఒక్కో బండికి ఇచ్చే వెడల్పు 2 మీటర్ల 30 సెంటీమీటర్లేనట. మన బండి లాంటివి రెండు పక్కపక్కన నిలిస్తే మధ్యన మిగిలేది మూర కంటె తక్కువ. ఐరోపాలో కొత్త కార్లు సగటున రెండేళ్ళకో సెంటీమీటరు చొప్పున లావెక్కుతున్నాయని అక్కడి సంస్థ ఒకటి 2024లో లెక్క తేల్చింది. పారిస్‌లో అదే ఏడు ఫిబ్రవరి 4న జనం ఓటు వేశారు. అక్టోబరు నుంచి నగరం నడిబొడ్డున బరువైన బండి నిలిపే పైవూరివారికి గంటకు 18 యూరోలు. మామూలు రేటుకు ఇది మూడింతలు. కార్లు లావెక్కుతాయి గాని గోడలు జరగవు గదా!

ఇంతలో మా ఆవిడ, "ఏమండీ, కొట్టు కట్టేస్తారేమో" అంది. ఆస్పత్రికి పోయే ఒక సందులో గోడవార కొంచెం ఖాళీ కనిపించింది. మావాడు సందేహించాడు. "అయిదు నిమిషాలే కదా, ఆపరా" అన్నది నేనే. ఆ మాట నాదే.

బిందెల బేరం మీకు తెలియనిది కాదు. అయిదు నిమిషాలు నలభై అయ్యాయి. తిరిగి వచ్చేసరికి సందు మొగలో గుంపు. మా బండి వెనక ఒక ఆటో నిలిచిపోయింది. అందులో వచ్చిన ముసలావిడను కొడుకు భుజాన వేసుకుని, మా బండికీ గోడకూ మధ్య అడ్డంగా నడుస్తూ, ఆస్పత్రి గేటు వైపు పోతున్నాడు. ఆవిడ పాదం ఒకటి మా బండి అద్దానికి తగిలింది. అతను వెనక్కి చూడలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

మావాడు పరుగెత్తి బండి తీశాడు. నేను బిందె పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. ఆ జనంలో వాళ్ళెక్కడున్నారో కనిపించలేదు. ఎవరికి క్షమాపణ చెప్పాలి?

ఇంటికి వచ్చేదాకా బండిలో ఎవరమూ మాట్లాడలేదు.

మిగిలిన సామానుకు మళ్ళీ వెళ్ళాం. ఈసారి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. స్టేషనులో దిగి నడిచాం. గంగాళాలు ట్రాలీ ఆటోలో ఇంటికి చేరాయి. దారిలో ఆ సందు వచ్చింది. గోడవార ఇంకెవరిదో పెద్ద బండి నిలిచి వుంది. లోపల కూర్చున్న పెద్దమనిషి అద్దం దించి, "అయిదు నిమిషాలే నండీ" అన్నాడు.

నేను అక్కడే నిలబడి, ఆ నలభై నిమిషాల కథ ఆయనకు చెప్పాను. బండి తీశాడు.