గది కూడా పాడుతుంది

ఇంట్లో పెద్దవాళ్ల పెళ్ళిపాటలు రికార్డుచేసి దిద్దుకొంటున్న పాఠకులకొక మాట. స్పీకర్లు ఎంత మంచివైనా వాటితోపాటు గది కూడా పాడుతుంది. గోడల మధ్య పదడుగులుంటే సుమారు 56, 112, 168 హెర్ట్జ్‌ల దగ్గర మోత పేరుకొంటుంది. అది పాటలోనిదే అనుకొని తగ్గించితిమా, మరొకరింట మద్దెల చచ్చిపడి, అమ్మమ్మ గొంతు పీలగా వినబడుతుంది. ఆవిడ మళ్ళీ పాడవద్దూ?

ఇందుకు ఐకె మల్టీమీడియావారి ఆర్క్ స్టూడియో వంటి పెట్టె వున్నది. స్పీకర్లు ఆపి, ఆడియో ఇంటర్‌ఫేసునుండి పెట్టెకు, పెట్టెనుండి స్పీకర్లకు ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు కలపాలి, కంప్యూటరుకు యుఎస్‌బి. కొలత మైకు మాత్రం ఇంటర్‌ఫేసుకే, 48 వోల్టులు ఇచ్చి. రెండు స్పీకర్లూ మన తలా సమాన త్రిభుజంగా, చెవియెత్తున వుండవలెను. ఫ్యాను ఆపండి, వంటింట్లో మిక్సీ తిరిగేవేళ మొదలుపెట్టకండి. కంప్యూటరు చూపిన చోటులన్నిటా ఓపికగా కొలవాలి.

దిద్దుబాటు పెట్టెలోనే నిలుస్తుంది. మాకు నచ్చినదిదే: కంప్యూటరులో దిద్దితే, ఆపడం మరచినవారి పాటలోకి అదీ ఎక్కిపోతుంది. కాని ప్రతిధ్వని దీనికి లొంగదు, గోడకు దుప్పట్లు కట్టవలసినదే. బీరువా జరిపితే మళ్ళీ కొలవండి.