‘చెత్త’ అనుకున్న డీఎన్‌ఏలో క్యాన్సర్ గుట్టు.. మరి టెస్ట్ వచ్చిందా?

మన డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి కోడ్ ఇచ్చే భాగం దాదాపు 2 శాతమే. మిగతాదంతా చెత్త అని ఒకప్పుడు కొట్టిపారేశారు. తీరా చూస్తే లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా అక్కడి నుంచే పుడుతున్నాయి. ఇవి ప్రొటీన్లుగా మారవు. కానీ వీటిలో కొన్ని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయిస్తాయి.

అదుపు తప్పితే ఏమవుతుంది?
మలాట్‌1కి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో లింకు ఉందని 2003లో గుర్తించారు. రొమ్ము క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడంలో హోటెయిర్ పాత్ర 2010లో బయటపడింది. ఎన్‌కిలా అయితే కణితితో పోరాడాల్సిన టీ కణాలే చచ్చిపోయేలా చేస్తోందని 2018లో తేలింది.

మరి టెస్ట్ సంగతి?
ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం పీసీఏ3 మూత్ర పరీక్షకు 2012లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. అదీ ఒకసారి బయాప్సీలో ఏమీ తేలనివాళ్లకు మళ్లీ చేయాలా వద్దా అని నిర్ణయించడానికే. ఒక్క పరీక్షతో అన్ని క్యాన్సర్లూ చెప్పేసే స్థాయికి ఈ ఆర్‌ఎన్‌ఏ సైన్స్ ఇంకా రాలేదు.

ఇప్పుడేం చేయాలి?
భవానీపురంలో ఉన్నా, పల్లెలో ఉన్నా 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్‌కు, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ స్క్రీనింగ్ ఉంది. చికిత్సకు గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. కొత్త టెస్ట్ వచ్చాక చూద్దాంలే అని ఆగితే, తొలి దశలో దొరకాల్సిన జబ్బు చేయి దాటిపోతుంది.