మూత వేస్తే తొట్టె, గాలి ఇస్తే ఇల్లు: కౌజు పిట్టల గాజు తొట్టె మీద నా మాట

పైన వీడియోలో నయాపూల్ దగ్గర ఒక ఇంట్లో పెట్టిన గాజు తొట్టె, అందులో మూడు కౌజు పిట్టలు చూశారు కదా. చూడడానికి బాగుంది. కానీ అదే ఇంట్లో నేను మొదట పెట్టిన తొట్టె గురించి వీడియోలో చెప్పలేదు. ఆ తప్పు నాదే. అది చెప్పకుండా ఇది చూపిస్తే మీకు సగం సంగతే చెప్పినట్టు అవుతుంది. అందుకే రాస్తున్నా.

మా ఫారం నుంచి కౌజు గుడ్లు తీసుకునే ఒక పెద్దాయన ఉన్నారు. నయాపూల్ బ్రిడ్జి దాటి మదీనా వైపు పోతుంటే పక్క గల్లీలో మూడో అంతస్తు. నేను చాచా అని పిలుస్తా. ఒకరోజు గుడ్లు ఇవ్వడానికి పోతే, "బేటా, నా చిన్నప్పుడు ఈ గల్లీల్లో బటేర్‌లు పెంచేటోళ్ళు. మనవడికి నాలుగు పిట్టలు కావాలె. ఇంట్లో పెట్టుకునేటట్టు ఏదన్నా చెయ్యి" అన్నారు. ముర్గీ చౌక్ నడిచిపోయేంత దూరమే, అక్కడ పంజరాలు దొరుకుతాయి. కానీ పిల్లాడికి చేపల తొట్టె లాగా గాజుది కావాలట. పక్కనుంచి చూస్తే పిట్ట మొత్తం కనబడాలి.

నాకు అది మంచి బేరం అనిపించింది. గుడ్డు అమ్మితే వచ్చేదెంత, తొట్టె సెట్ చేసి పిట్టలతో సహా ఇస్తే వచ్చేదెంత! అగ్రి డిప్లొమాలో చదివిన లెక్క గుర్తు తెచ్చుకున్నా. ఫారం పద్ధతిలో చదరపు అడుగుకు ఐదారు పిట్టలు పెడతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టెలో నాలుగే పిట్టలు, ఇంకేం కావాలి అనుకున్నా. అడుగున అంగుళం మందాన ఊక వేసి, ఒక నీళ్ళ గిన్నె, ఒక దాణా గిన్నె పెట్టిన. గల్లీలో పిల్లులు ఎక్కువ కాబట్టి పైన నాలుగు రంధ్రాలు చేసిన గాజు మూత. మార్చిలో పెట్టి వచ్చిన.

ఏప్రిల్‌లో చాచా ఫోన్ చేశారు. "బేటా, రెండు పోయినయ్." పోయి చూస్తే మిగిలిన రెండూ నోరు తెరిచి ఎగరొగరుస్తున్నాయి. మూత తీయగానే కళ్ళు మండేంత వాసన. సంగతి ఏందంటే, పిట్టలు నీళ్ళు ఒలకబోసినయి, ఊక తడిసింది, వాసన మొదలైంది. వాసన వస్తుందని ఇంట్లో వాళ్ళు మూత గట్టిగా మూసి, రంధ్రాల మీద గుడ్డ కప్పారు. మూసిన కొద్దీ లోపల వాసన పెరిగింది, దాని మీద ఎండ. వాళ్ళ తప్పేం లేదు. వాసన వస్తే ఏం చేయాలో నేను చెప్పలేదు, అంతే. పిల్లాడు నాతో మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద ఒకటే ఆలోచన. పాలేకర్ గారి పద్ధతిలో మనం నాలుగు మాటలు నేర్చుకున్నాం: బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస. నాలుగోదాన్నే మనం ఎక్కువగా మరిచిపోతాం. వేరుకు కావాల్సింది నిలబడ్డ నీళ్ళు కాదు, మట్టి రేణువుల మధ్య గాలి, తేమ కలిసి ఉండడం. నీళ్ళు నిలిస్తే నేల ఊపిరాడక కుళ్ళుతుంది. నేను పెట్టిన తొట్టె సరిగ్గా అదే, వాఫస లేని నేల. పొలంలో ఎవరన్నా మడి నిండా నీళ్ళు పెట్టి కూరగాయలు వేస్తే నవ్వుతాను. గాజులో నేను చేసింది కూడా అదే పని.

దాని లెక్క ఇట్ల ఉంటది. పక్షి రెట్టలో తెల్లగా కనబడేది యూరిక్ యాసిడ్. దానికి తడి, వెచ్చదనం తగిలితే సూక్ష్మజీవులు అమ్మోనియా చేస్తాయి. పంజరంలో అయితే నాలుగు పక్కలా గాలి ఆడి పోతుంది. గాజు తొట్టెకు నాలుగు పక్కలా గోడలే. కౌజు కొమ్మ మీద కూర్చునే పిట్ట కాదు, రోజంతా నేల మీదే తిరుగుతుంది, ముక్కు ఎప్పుడూ ఊక దగ్గరే. మనిషికి వాసన తెలిసే లోపలే దానికి దెబ్బ తగులుతుంది. ఊక పొడిగా ఉంటే ఈ గొడవ చాలా మటుకు ఉండదు. అందుకే నా మొదటి మాట: వాసన వస్తే మూత వేయకండి, ఊక మార్చండి.

ఆ తర్వాత కొత్త తొట్టె చేయించిన, నా ఖర్చుతోనే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడే పిట్టలు. అంటే ఒక్కోదానికి రెండు చదరపు అడుగులు. రెండు చిన్న పక్కల్లో గాజు తీసేసి పావు అంగుళం ఇనుప జాలీ, పైనంతా జాలీనే. ముందు వెనక మాత్రమే గాజు. దీన్ని ఇంకా గాజు తొట్టె అనొచ్చా అని చాచా నవ్వారు. అనకపోయినా పర్వాలేదు.

కౌజు బెదిరితే హెలికాప్టర్ లాగా నిలువునా పైకి లేస్తుంది. పైన గట్టి జాలీ ఉంటే తల పగులుతుంది. అందుకే జాలీకి జానెడు కింద మెత్తటి దోమతెర గుడ్డ వదులుగా కట్టిన. నయాపూల్ అంటే హారన్లు రోజూ ఉండేవే. వాటికి అలవాటు పడ్డయి. కానీ గణేశ్ నిమజ్జనం ఊరేగింపు చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్ మీదుగా పోయే రోజు డప్పులకు, పటాకులకు బెదిరిపోతాయి. ఆ రోజు తొట్టెను లోపలి గదిలోకి జరిపి, గాజు ఉన్న రెండు పక్కలా చీర కప్పాలి. జాలీ పక్కలు మాత్రం వదిలేయాలి.

అడుగున మూడు అంగుళాల పొడి ఊక, కొంచెం ఎండుటాకులు. ఒట్టి గాజు మీద నిలబెడితే కాళ్ళు జారి పక్కకు వంగిపోతాయి. రెండు రోజులకోసారి చేత్తో కలబెట్టాలి, తడిసిన చోటు తీసేయాలి. నీళ్ళ గిన్నెను జాలీ పరిచిన చిన్న ట్రేలో పెడితే ఒలికినవి ట్రేలోనే ఉంటాయి. ఒక మూల వెడల్పాటి మట్టి మూకుడులో సన్నటి ఆరిన ఇసుక. పిట్ట అందులో పొర్లి ఈకలు శుభ్రం చేసుకుంటుంది, అదే దాని స్నానం. ఇంకో మూల పడుకోబెట్టిన కుండ, దాక్కోవడానికి. తీసేసిన ఊకను పేడతో మురగబెడితే మిద్దె మీద కుండీలకు మంచి ఎరువు. చాచా వాళ్ళ పుదీనా ఇప్పుడు దాని మీదే పెరుగుతోంది.

తొట్టెను కిటికీ ఎండలో పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ నలభై దాటుతుంది, గాజు వెనకాల అది పొయ్యే. వంటింట్లోనూ వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుంది. ముట్టుకున్నాక పిల్లలు చేతులు సబ్బుతో కడగాలి.

పెట్టలే ఇవ్వండి, పుంజు వద్దు. చిన్న జాగాలో పుంజు పెట్టల తల మీద ఈకలు పీకేస్తుంది, గాజులో తన నీడను చూసి కూడా కొట్లాటకు పోతుంది. ఛాతీ మీద ఎర్ర గోధుమ రంగు ఉంటే పుంజు, నల్ల చుక్కలుంటే పెట్ట. పెట్ట ఆరేడు వారాలకు గుడ్డు మొదలుపెడుతుంది. రోజుకు పాతిక గ్రాముల దాకా దాణా చాలు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నా. ఫారాల్లో పెంచేది జపాన్ జాతి. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చి ఇక్కడ పెంపకం మొదలుపెట్టారు. మన చేలల్లో తిరిగే పూరేడు పిట్టలు, కౌజులు వేరు. వాటిని పట్టినా, అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా "అడవి బటేర్, గట్టిగా బతుకుతుంది" అని అమ్మజూపితే కొనొద్దు. మన చేలో పురుగులు తినే పిట్ట అది, మన కూలీ.

కొందరు మిత్రులు అంటారు, పిట్టను గాజులో పెట్టడమే తప్పు, ప్రకృతి సేద్యం చేసేవాడివి నువ్వెట్ల అమ్ముతావ్ అని. ఆ మాటలో సగం నిజం ఉంది. బాల్కనీయో, పెరడో ఉన్నవాళ్ళకు నేను తొట్టె అమ్మను, జాలీ గూడు చేసుకోమంటా. కానీ చదరపు అడుగుకు ఐదారు పిట్టలను ఇనుప తీగల మీద నిలబెట్టి గుడ్లు తీసే పద్ధతిని మామూలు అనుకుని, మూడో అంతస్తులో ఊక మీద పొర్లే మూడు పిట్టలను చూసి పాపం అనడం నాకు నచ్చదు. ముందు మన ఫారంలో జాగా పెంచుదాం. ఆ రెండు చావుల తర్వాత నేను నా షెడ్డులో పిట్టలను సగం చేసిన. గుడ్లు తగ్గినయి, ఆదాయం తగ్గింది. ఊక మార్చే పని కూడా తగ్గింది.

ఇప్పుడు నా షరతులు మూడు. గాజు మూతే కావాలన్నవాళ్ళకు పిట్టలు ఇవ్వను. ఒంటరి పిట్టను ఇవ్వను. ఈ పిట్టల ఆయుష్షు రెండు మూడేళ్ళు, గుడ్లు తగ్గాక వద్దనిపిస్తే తిరిగి నేనే తీసుకుంటా. ఈ షరతులు వినగానే చాలామంది వెళ్ళిపోతున్నారు. పోనీయండి. మందులు లేని పంట అని చెప్పి అమ్మేటప్పుడు మన మాటకు విలువ ఉండాలంటే, మన చేతి నుంచి పోయిన ప్రాణి ఎట్ల బతుకుతుందో కూడా మన లెక్కలోకి రావాలి.

పోయిన వారం వీడియో తీయడానికి వెళ్ళినప్పుడు చాచా మనవడు తలుపు తీశాడు. "అంకుల్, నిన్న ఊక నేనే మార్చిన" అన్నాడు. తొట్టె దగ్గర వంగి వాసన చూసిన. ఏమీ రాలేదు.