ఆరు ఆకులు, ఎనిమిది మంది

పండగకి ఇల్లు సర్దడమంటే నాకు మహా సరదా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను రాయబోయేది చదివి "ఈవిడకి అలంకరణ అంటే పడదు కాబోలు" అనుకునే ప్రమాదం ఉంది. భోగి ముందురోజే గడపలు కడిగి పసుపు రాసి బొట్లు పెట్టందే నాకు నిద్ర పట్టదు. మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. గుమ్మం ముందు నాకు దక్కేది నాలుగు టైల్స్. ఆ నాలుగింటిలోనే చుక్కలు పెట్టి, ముగ్గేసి, మధ్యలో ఒక్క గొబ్బెమ్మనైనా పెట్టి, లిఫ్టులోంచి వచ్చే వాళ్ళందరినీ "చూసి నడవండి" అని బతిమాలుకుంటాను.

మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మేం పండగకి ఊరెళ్ళడం మానేశాం. వాళ్ళే ఇక్కడికి వస్తున్నారు. మా ఆడపడుచు వాళ్ళదీ ఈ ఊరే కాబట్టి సంక్రాంతి భోజనానికి వాళ్ళూ మా ఇంటికే. మొదటిసారి ఇంత పండగ నా చేతి మీదుగా జరగడం. పోయిన ఏడాది సంగతి ఇది. నా ఉత్సాహం చూడాలి మీరు! గుమ్మానికి మామిడి తోరణం, బంతిపూల దండలు. బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాలు. ఏటికొప్పాక లక్కపిడతలు మాత్రం కొలువులోంచి తీసి భోజనాల బల్ల మధ్యలో వరసగా పెట్టాను. పక్కన ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పూలరేకులు, తేలే దీపాలు. బల్ల మీద అరిటాకులు. ఆన్‌లైన్లో ఎన్ని వీడియోలు చూసి నేర్చుకున్నానో లెక్కలేదు.

వంటలన్నీ అయ్యాక పదకొండేళ్ళ మా అమ్మాయిని పిలిచి, కడిగి తుడిచిన ఎనిమిది ఆకులూ చేతికిచ్చి "వెళ్ళి వెయ్యి, కొస ఎడమ చేతి వైపు రావాలి" అని చెప్పాను. చక్కగా వేసొచ్చింది. వచ్చి, చేతిలో రెండు ఆకులు పట్టుకుని అడిగింది:

"అమ్మా, ఇవి రెండూ మిగిలాయి. ఫ్రిజ్‌లో పెట్టనా?"

"మనం ఎనిమిది మందిమి కదే?"

"నువ్వూ నానమ్మా తర్వాత తింటారు కదా."

అందులో వేళాకోళం లేదు, ఎత్తిపొడుపు అంతకన్నా లేదు. తాతయ్య, నాన్న, అత్త, మావయ్య, బావ, తను. ఆరుగురు. లెక్క సరిపోయింది. దానికి ఎవరూ నేర్పలేదు, రోజూ చూస్తున్నదే లెక్కపెట్టింది.

అప్పుడు నేను చేసిందేమిటో తెలుసా? ఆ రెండు ఆకులూ దాని చేతిలోంచి తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టి, నూనె కాగిందేమో చూడడానికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత మీకు తెలియనిదేమీ లేదు. నేను గారెలు వేస్తూ వాయి వాయికీ పట్టుకెళ్ళాను. అత్తయ్యగారు నేతిగిన్నె పట్టుకుని బల్ల చుట్టూ తిరిగారు. మా ఆడపడుచు "వదినా, నువ్వూ రా" అని రెండుసార్లు పిలిచింది, నేను "మీరు కానివ్వండి" అని రెండుసార్లు అన్నాను. మావారు ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టారు. "ఎంత బాగుందో", "హోటల్లో కూడా ఇలా ఉండదు" అని ఒకటే మెచ్చుకోళ్ళు. నిజంగానే సంతోషించాను, అబద్ధం ఎందుకు.

మూడు గంటలకి నేనూ అత్తయ్యగారూ వంటింట్లో కూర్చున్నాం. ఆ రెండు ఆకులూ వేసుకోలేదు. ఇద్దరికోసం మళ్ళీ ఆకులెందుకులే అని స్టీలు కంచాలు తీశాం. చిక్కుడుకాయ కూర అయిపోయింది. పులిహోర గిన్నె అడుగున కాస్త ఉంది. గారెలు నాలుగు, చల్లగా, సాగుతూ. "మనకి చాలులే" అన్నారు అత్తయ్యగారు. హాల్లో బల్ల మీద దీపాలు ఇంకా తేలుతూనే ఉన్నాయి.

ఆ "మనకి" అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆవిడ పండగ భోజనం ఇదే. మా అమ్మదీ ఇదే. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా "నీళ్ళు" అంటే లేచేది. మా అమ్మాయి వయసులో నాకు అది చూసి కోపం వచ్చేది. మరి నేను చేసిందేమిటి? ఈ బల్ల కొన్నప్పుడు కొట్టువాడు "ఎంతమందికి కావాలమ్మా" అని అడిగితే "ఆరుగురికి చాలు" అన్నది నేనే. పండగకి ఎనిమిది మందిమి అవుతామని తెలిసే అన్నాను. ఆ లెక్క నా కూతురు మొదలుపెట్టింది కాదు, నాదే.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళున్నారని తెలుసు. వడ్డించడంలో ఉన్న ప్రేమ సంగతేమిటి అంటారు. ఒప్పుకుంటాను. "ఇంకొక్కటి, నా మాట విను" అంటూ కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద, దాన్ని పోగొట్టుకోవాలని నాకు లేదు. ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుని మూలకొకరు కూర్చునే బఫే పద్ధతి మా ఇంట్లో నాకూ నచ్చదు. పెద్దవాళ్ళు ఆకలికి ఆగలేరు, పిల్లల్ని ఆపడం అంతకన్నా కష్టం. అదీ నిజమే. కానీ ప్రేమ ఉన్నవాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉండాలని, తినేవాళ్ళు ఎప్పుడూ కూర్చునే ఉండాలని ఎక్కడుంది? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఆ వడ్డించే మనిషి ఏ బంతిలో తిన్నదో ఆ సామెత చెప్పదు.

మన పాత అలంకరణలే ఒకసారి చూడండి. వరిపిండితో ముగ్గు ఎందుకు వేసేవారు? చీమలు తింటాయని. కోతలయ్యాక వరికంకులు కుచ్చులుగా అల్లి చూరుకో గుమ్మానికో ఎందుకు కట్టేవారు? పిచ్చుకలు వచ్చి గింజలు కొట్టుకుని తింటాయని. చూడడానికి ఎంత అందంగా ఉంటాయో, అందులో ఎవరో ఒకరి ఆకలి తీరే ఏర్పాటూ అంతే ఉంటుంది. చీమకీ పిచ్చుకకీ కూడా వాటా వేసిన ఇంట్లో, ఆ ముగ్గు వేసిన మనిషికి ఆకు లేకపోతే ఆ అలంకరణకి అర్థమేమిటి? వీడియోల్లో కనిపించే బల్లలన్నీ నాకు ఇప్పుడు ఒకేలా కనిపిస్తున్నాయి. పూలుంటాయి, దీపాలుంటాయి, పళ్ళాలుంటాయి. తినే మనుషులే ఉండరు. ఖాళీ బల్లని అందంగా చేయడం ఎవరైనా చేస్తారు.

అందుకని ఈ సంక్రాంతికి నేను అలంకరణ మానలేదు. లెక్క మార్చాను. ముందు ఎనిమిది, ఆ తర్వాతే మిగతావన్నీ అనుకున్నాను.

ఆరుగురి బల్లకి మా అమ్మాయి చదువుకునే బల్ల తెచ్చి కలిపాం. అది రెండంగుళాలు పొట్టి. కాళ్ళ కింద పాత పుస్తకాలు పెట్టి, రెండింటి మీదా నా మంగళగిరి నూలు చీర పరిచాను. జరీ అంచు బల్ల పొడుగునా వచ్చి, రెండు బల్లలన్న సంగతే తెలియలేదు. పూలు ఎత్తుగా పెట్టలేదు, ఎదుటి మనిషి ముఖం కనిపించాలి కదా. నీళ్ళలో దీపాలు బల్ల మీంచి తీసేసి గుమ్మం దగ్గర పెట్టాను. గిన్నెలు అందుకునేటప్పుడు కొంగూ చేతులూ కాలకుండా ఉంటాయి, గిన్నెలకి చోటూ దొరుకుతుంది. లక్కపిడతలు మాత్రం ఉంచాను, అవి లేకపోతే నాకు తోచదు.

పప్పు, కూర, పచ్చడి, నెయ్యి అన్నీ రెండేసి చిన్న గిన్నెల్లో తీసి బల్లకి ఆ చివరా ఈ చివరా పెట్టాను. అన్నం హాట్‌ప్యాక్‌లో, చారు ఫ్లాస్కులో. నీళ్ళచెంబులు రెండు. పెరుగు ముందే తెచ్చి పెట్టాను. ఎవరూ దేనికీ లేవనక్కర్లేకుండా చేయడమే ఈసారి నా అలంకరణ. ఇదంతా రాస్తే సులువుగా ఉంది కానీ ఏది ఎక్కడ అందుతుందో చూడడానికి ముందురోజు ఖాళీ గిన్నెలు పెట్టి నేనూ మా అమ్మాయీ ఎనిమిది కుర్చీల్లోనూ కూర్చుని చూశాం.

పేచీ అంతా గారెల దగ్గరే వచ్చింది. "వేడి గారె లేకుండా పండగేమిటే?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. వేడి గారె రుచి వేరు. కానీ ఆ రుచి ఆరుగురికి కావాలంటే ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి. "ఈసారికి ఆవడలు వేసుకుందాం అత్తయ్యగారూ, పెరుగులో ఎంత నానితే అంత బాగుంటాయి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, ముఖంలో ఇష్టమూ కనపడలేదు. మావయ్యగారు మాత్రం భోజనం మధ్యలో "గారెలు లేవా?" అని అడిగారు. లేవని చెప్పాను. ఆ లోటు లోటే, కాదనను.

ఎనిమిది ఆకులూ మా అమ్మాయే వేసింది. ప్లాస్టిక్ కుర్చీ నాకు వచ్చింది. అందరూ కూర్చున్నా అత్తయ్యగారు నేతిగిన్నె పట్టుకుని నిలబడే ఉన్నారు. "మీరు కానివ్వండి, నేను చూస్తాను" అన్నారు. నేను పోయిన ఏడాది అన్న మాటే. మా అమ్మాయి లేచి వెళ్ళి, "నానమ్మా, ఇటివ్వు" అని ఆవిడ చేతిలో గిన్నె తీసుకుని, బల్ల మీద పెట్టి, కుర్చీ లాగింది. ఆవిడ కూర్చున్నారు. కొంగు సర్దుకుని, ఎవరో వచ్చి లేపుతారేమో అన్నట్టు కుర్చీ అంచునే కూర్చున్నారు. చారు వేళకి మా ఆడపడుచు భర్త ఫ్లాస్కు పట్టుకుని లేచి "అత్తయ్యగారూ, మీకు" అని మొదట ఆవిడకే వడ్డించారు. ఆవిడ గబుక్కున ఆకు మీద చేయి అడ్డం పెట్టి, మళ్ళీ తీశారు.

కాసేపయ్యాక గుమ్మడికాయ పులుసు కలుపుకుని ఒక ముద్ద తిని, "బెల్లం ఎక్కువైందే అమ్మాయ్" అన్నారు. ఇన్నేళ్ళలో నా వంటకి ఆవిడ పెట్టిన మొదటి వంక అది. చల్లారిపోయిన పులుసులో ఉప్పూ బెల్లం చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఫొటో తీయడం అందరం మర్చిపోయాం. ఆకులన్నీ తీసేశాక మావారికి గుర్తొచ్చింది. కాబట్టి గ్రూపులో పెట్టడానికి ఏమీ లేదు.

ఉగాదికి మీ ఇంట్లోనూ తోరణాలు కడతారు, పూలు సర్దుతారు. బాగా సర్దండి, నేనూ సర్దుతాను. కాకపోతే బల్ల దగ్గరికి రాగానే పూలకన్నా ముందు ఆకులు లెక్కపెట్టండి. ఆ పని మీ పిల్లల చేత చేయిస్తే ఇంకా మంచిది. వాళ్ళు ఎన్ని వేస్తారో ఒకసారి చూడండి.