ఎద్దుమైలారం బండి

నేను పట్టాళంలో పనిచేసి వచ్చినవాడినని ఎరిగినవారు దోమలో గానీ, పరిగి బస్టాండు హోటల్లో గానీ ఈ మధ్య అడిగే ప్రశ్న ఒక్కటే. "దామగుండం రాడార్ ముచ్చటేంది కాకా?" పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం తలపెట్టిన కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినప్పటి నుండి ఈ ముచ్చట ఆగలేదు. అది రాడార్ కాదని, సముద్రగర్భంలో ఉన్న జలాంతర్గాములకు అతి తక్కువ పౌనఃపున్యంలో సందేశాలు పంపే ప్రసార కేంద్రమని నాకు చేతనైనంత మేర చెప్తూనే ఉన్నాను. అడవి గురించిన బాధ నాకూ ఉన్నది. అది వేరే టపాకు తగిన విషయం.

నన్ను ఆశ్చర్యపరచేది మరొకటి. వికారాబాదు నుండి శంకరపల్లి దాటి వెళితే ఎద్దుమైలారం వస్తుంది. అక్కడి ఆయుధ కర్మాగారానికి 1984లో పునాది పడింది. 1987 నుండి భారత పదాతిదళం ఎక్కి తిరిగే బీఎంపీ-2 వాహనాలు అక్కడే తయారవుతున్నాయి. మన సైన్యం దానికి పెట్టుకున్న పేరు 'శరత్'. గణతంత్ర దినోత్సవ కవాతులో ఎన్నోసార్లు చూసే ఉంటారు. కానీ అది మన పొరుగున పుట్టిన బండి అని మా ఊళ్ళో తెలిసినవారు అరుదు, దాని గురించి అడిగినవారు అసలే లేరు. క్షిపణి ఆకాశానికి ఎగిరితే పత్రికలో మొదటి పేజీ. బండి బురదలోంచి బయటికి వస్తే వార్త కాదు.

నేను ఈఎంఈలో, అనగా సైన్యపు మరమ్మతు విభాగంలో, వెహికల్ మెకానిక్‌గా పని నేర్చి హవల్దారుగా దిగిపోయినవాడిని. కనుక నా చూపు బండి కిందనుండి పైకి చూసే చూపు. సేనాపతుల చూపు కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యుద్ధవాహనానికి ఫిరంగి ఎంత, కవచం ఎంత అన్నవి రెండో వరుస ప్రశ్నలు. చెడిపోయిన బండి ఎన్ని గంటలలో, ఎవరి చేతులమీదుగా, ఎక్కడినుంచి వచ్చిన పార్టుతో మళ్ళీ నడుస్తుంది అన్నది మొదటి ప్రశ్న. మన దేశంలో రక్షణ వ్యవహారాల గురించి రాసేవారిలో అధికులు ఈ ప్రశ్న దాకా రారు.

మొదట శరత్ సంగతి. పద్నాలుగు టన్నుల బండి. నడిపేవారు, గురిచూసేవారు, నాయకుడు కలిసి ముగ్గురు. వెనుక గదిలో ఏడుగురు సైనికులు. ముప్పై మిల్లీమీటర్ల తుపాకీ, దానికి తోడు ట్యాంకును కొట్టే కొంకుర్స్ క్షిపణి. ఆ క్షిపణి కూడా మన హైదరాబాదు భారత్ డైనమిక్స్ వారిదే. తుపాకీ గొట్టం దాదాపు 74 డిగ్రీల దాకా పైకి లేస్తుంది. ఆఫ్ఘనిస్తాన్ కొండలలో, పైనుండి కాల్చేవారిని అందుకోలేక సోవియట్ సైన్యం పడిన పాట్లు చూసిన తరువాత ఆ గుణం విలువ అందరికీ తెలిసింది. లద్దాఖ్‌లో మనకూ అదే పనికివచ్చింది.

తాండూరు రైతుకు ఈ బండిని ఒక్క మాటలో వివరించవచ్చును. మా దోమ చుట్టుపక్కల ఎర్ర చెలకలు ఎక్కువ. తాండూరు వైపు పోయినకొద్దీ నల్లరేగడి. వానాకాలం రేగడిలో ట్రాక్టరు దిగబడితే దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు, దాన్ని లాగడానికి మూడోది. కారణం బరువు కాదు, ఆ బరువు ఎంత జాగామీద పడుతున్నదన్నది. పద్నాలుగు టన్నుల శరత్ తన గొలుసు పట్టాలమీద నేలను నొక్కేది చదరపు సెంటీమీటరుకు సుమారు 0.6 కిలోలు. నడిచే మనిషి ఒంటికాలిమీద మోపే ఒత్తిడికి ఇది మహా దూరం కాదు. కనుక మనిషి నడవగలిగిన బురదలో అదీ చాలావరకు నడుస్తుంది. కాగ్నా నిండుగా పారుతున్నా ఈదుకుంటూ దాటగలదు. ముందు పలకను ఎత్తి, నీళ్ళు తోడే పంపులు ఆడించి, డ్రెయిన్ ప్లగ్గులు బిగించామా లేదా అని రెండుసార్లు చూసుకోవలసి ఉంటుంది. తలుపుల రబ్బరు సీళ్ళు ముసలివైతే ఈదే బండి ఈదదు. ఒక రబ్బరు ముక్కను నమ్ముకొని పదిమంది నీళ్ళలోకి దిగుతారు.

2022లో ఉక్రెయిన్‌మీదికి వెళ్ళిన రష్యా బలగాలు కీవ్‌కు ఉత్తరాన మైళ్ళకొద్దీ బారుగా నిలిచిపోయిన దృశ్యం చాలామంది చూశారు. ఇంధనం అందక కొన్ని, నిల్వలో పాడైన టైర్లు పగిలి కొన్ని, రోడ్డు దిగితే బురదలో కూరుకుపోయి కొన్ని. వదిలేసిన కవచవాహనాలను అక్కడి రైతులు ట్రాక్టర్లతో లాక్కుపోయారు. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిల్వలో ఉన్న బండిని నెలకొకసారి కదిలించి, టైరును కాస్త తిప్పి పెట్టే సిపాయి పనిని ఎవరో కాగితంమీద మాత్రమే పూర్తిచేశారన్నదే నాకు అందులో కనిపించింది.

శరత్‌కు లోపాలు లేవని అనను. కవచం పలుచన, పక్కనుండి పెద్ద మెషీన్‌గన్ తూటాకే ప్రమాదం. వెనుక గదిలో సైనికులు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు, వారి నడుమ ఇంధనపు ట్యాంకు. వెనుక తలుపులలో కూడా డీజిలే. రాజస్థాన్ ఎండలో లోపల కూర్చున్నవాడికి ఇది ఏ ఊహ కల్పిస్తుందో చెప్పనక్కరలేదు. అయినా మరమ్మతుదారుగా నేను దీన్ని మెచ్చుకుంటాను. ఇంజను ముందు భాగంలో ఉన్నది. పైమూత ఎత్తితే చేయి దూరుతుంది. గ్రీజు ఎక్కడ పెట్టాలో, గొలుసు ఎట్లా బిగించాలో కొత్త కుర్రవాడికి కొద్ది రోజులలో నేర్పవచ్చు.

టి-72 ట్యాంకుతో పోల్చి చూడండి. అది పొట్టి ట్యాంకు; శత్రువుకు కనిపించే ఎత్తు తక్కువ, 41 టన్నుల బరువుకు ఫిరంగి పెద్దది. ఆ పొట్టితనం కోసం ఇంజనును అడ్డంగా పెట్టారు. ఇంజనునుండి శక్తి ఒక మధ్య గేరుపెట్టె ద్వారా రెండు పక్కల ఉన్న వేరువేరు గేరుపెట్టెలకు చేరుతుంది. ఇంజను మార్చాలంటే ఇవన్నీ విప్పి, తిరిగి పెట్టేటప్పుడు ఒకదానితో ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచూడాలి. వర్క్‌షాపులో క్రేను కింద అయినా రోజంతా పట్టే పని. ఎడారిలో ఇసుకగాలి నడుమ ఎంత పడుతుందో మీరే ఊహించండి. జర్మనీ లెపర్డ్‌లో, అమెరికా ఏబ్రమ్స్‌లో ఇంజను, గేరుపెట్టె కలిసి ఒకే ముద్ద. గంటలోపు ఎత్తి కొత్తది దించుతారు. ఏ పత్రికలోనైనా రెండు ట్యాంకుల పోలిక వేసినప్పుడు ఫిరంగి వ్యాసం, కవచం మందం, వేగం పట్టికలో ఉంటాయి. ఇంజను మార్చే కాలం అన్న గడి మాత్రం ఉండదు.

ఇక్కడ అర్జున్ సంగతి చెప్పకపోతే అన్యాయం. 1974లో మంజూరైన పథకం, 2004లో గానీ దళానికి అందటం మొదలు కాలేదు. ఆ ముప్పై ఏళ్ళకు దాన్ని వెక్కిరించనివారు లేరు. బరువు ఎక్కువ, ఇసుకలో దిగబడుతుంది అన్నవారున్నారు. ఈ వాదన నాకు ఎప్పుడూ రుచించలేదు. 58 టన్నులు దాటినా పట్టాలు వెడల్పు గనుక నేలమీద దాని ఒత్తిడి టి-72కు ఇంచుమించు సమానమే. దానితో అసలు చిక్కు వంతెనల దగ్గర, రైలు వ్యాగన్ల దగ్గర. ఇంజను, ట్రాన్స్‌మిషన్ ఒకే ముద్దగా బయటికి వచ్చే ఏర్పాటు దానిలో ఉన్నది. నా వంటివాడికి అది వరం. కానీ ఆ ఇంజను జర్మనీది. 2010 తరువాతి సంవత్సరాలలో విడిభాగాలు అందక ఆ ట్యాంకులు పెద్ద సంఖ్యలో కదలక నిలిచాయని వార్తలు వచ్చాయి. స్వదేశీ ట్యాంకు విదేశీ పార్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవటం! 2021లో మరో 118 అర్జున్ మార్క్-1ఏలకు ఆర్డరు ఇచ్చినప్పుడు అందరూ వాటిలో చేసిన మార్పుల పట్టికను పొగిడారు. విడిభాగాల ఒప్పందం ఎట్లా రాసుకున్నారని అడిగిన వ్యాసం నా కంట పడలేదు.

పార్టు రాకపోవటం అంటే ఏమిటో మా తరానికి బాగా తెలుసు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. మనకు విడిభాగాలు పంపే ఫ్యాక్టరీలు రాత్రికి రాత్రి వేరువేరు దేశాలలోకి పోయాయి. ఎవరికి ఉత్తరం రాయాలో తెలియని రోజులు. వర్క్‌షాపు బోర్డుమీద 'వీఓఆర్' అనే గడిలో, అనగా రోడ్డెక్కలేని బండ్ల గడిలో, అంకె పెరుగుతూ పోయేది. ఒక బండిని బలి ఇచ్చి దాని పార్టులతో మూడు బండ్లు నడిపించేవాళ్ళం. బలి అయిన బండి కాగితాలలో మాత్రం బతికే ఉండేది. ఒక డిపోకు మేము పంపిన ఇండెంటుకు రెండేళ్ళ తరువాత జవాబు వచ్చింది: అడిగిన పార్టు నంబరు మారినది, కొత్త నంబరుతో మళ్ళీ అడుగుడు. ఆ కొత్త నంబరు ఏదో ఆ జవాబులో లేదు.

ఈ విషయంలో ఎద్దుమైలారం చేసిన మేలు పెద్దది. బండి నమూనా సోవియట్‌దే అయినా దశాబ్దాలుగా ఇక్కడే తయారవుతూ ఉండటం వల్ల శరత్ బతికి బట్టకట్టింది. 2020 జూన్‌లో మరో 156 వాహనాలకు సుమారు 1,094 కోట్ల రూపాయల ఆర్డరు ఇచ్చారు. 2024లో 693 వాహనాలకు రాత్రిపూట చూసే సాధనాలు, లక్ష్యాన్ని తానే వెంబడించే గురి వ్యవస్థ అమర్చేందుకు ఒప్పందం జరిగింది. గురి సాధనాలు రావలసినవే, ఆలస్యంగానైనా వచ్చాయి. అయితే కళ్ళజోడు మారుస్తూ మోకాళ్ళ సంగతి మరవకూడదు.

1948 నవంబరులో జోజిలా కనుమమీదికి స్టువర్ట్ ట్యాంకులు ఎక్కించిన కథ సైన్యంలో అందరికీ తెలిసినదే. జనరల్ తిమ్మయ్య ఆలోచన, సెవెంత్ లైట్ కావల్రీ ట్యాంకులు. టరెట్లు విప్పి, గుర్తు తెలియకుండా కప్పి తీసుకువెళ్ళారు. మద్రాసు సాపర్లు మంచులో బాట వేశారు. చరిత్రలో తిమ్మయ్యగారి పేరు నిలిచింది, నిలవవలసినదే. ఆ టరెట్లను విప్పి మళ్ళీ బిగించిన చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఆ చేతులు ఎంత దూరం వెళతాయో 2024 జూన్ చివర అందరికీ ఒక్క రోజు తెలిసింది. తూర్పు లద్దాఖ్‌లో, సాసర్ బ్రాంగ్సా దగ్గర, రాత్రివేళ శిక్షణలో షయోక్ నది దాటుతున్న టి-72 ట్యాంకు హఠాత్తుగా పెరిగిన నీటిలో చిక్కుకుంది. ఐదుగురు పోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. ఐదుగురిలో ఇద్దరు మరమ్మతు వర్క్‌షాపులనుండి వెళ్ళినవారు. మన టీవీలు 'ట్యాంకు సిబ్బంది' అని ఒక్క మాటలో ముగించాయి. అర్ధరాత్రి నదిలోకి దిగే ట్యాంకులో మెకానిక్ ఎందుకున్నాడన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. బండి ఎక్కడికి పోతే అతడూ అక్కడికి పోవాలి గనుక ఉన్నాడు. వర్క్‌షాపు అంటే వెనుక ఎక్కడో రేకుల షెడ్డులో నూనె చేతులతో టీ తాగే మనుషులని అనుకునేవారికి ఇది చెప్పాలి.

డ్రోన్లు వచ్చాక ట్యాంకు కాలం చెల్లిపోయిందని కొందరు మిత్రులు రాస్తున్నారు. 2020 నాగోర్నో-కరబాఖ్ యుద్ధం, తరువాత ఉక్రెయిన్ వారికి ఆధారాలు. నేను పూర్తిగా ఒప్పుకోను. చవక డ్రోను ఖరీదైన ట్యాంకును ఆపగలదు, నిజం. కానీ ఆగిన ట్యాంకులన్నీ చచ్చిన ట్యాంకులు కావు. గొలుసు తెగినవి, ఇంజను దెబ్బతిన్నవి రాత్రికి లాక్కుపోయి బాగుచేస్తే మళ్ళీ వస్తాయి. అందుకే ఉక్రెయిన్‌లో డ్రోన్లు లాగుడు బండిని కూడా వేటాడుతున్నాయి. మన దగ్గర పోలండ్ నమూనా రికవరీ వాహనాలున్నాయి. వాటిమీద డ్రోన్లను ఆపే రక్షణ ఏమున్నది? ట్యాంకు నెత్తిన ఇనుప పందిరి వేయాలని చర్చించేవారు ఈ బండి నెత్తి గురించి కూడా ఆలోచించవలసి ఉన్నది.

2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి 41 ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విభజించారు. ఎద్దుమైలారం ఇప్పుడు ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉన్నది. పాత బోర్డు గొప్పగా నడిచిందని నేననను. నాసి సరుకు గురించి మేము పంపిన ఫిర్యాదులు మాకు గుర్తే. కానీ కంపెనీ అయినాక లాభం చూసుకోవాలి. లాభం కొత్త బండి అమ్మకంలో ఉంటుంది, ముప్పై ఏళ్ళ బండికి రబ్బరు సీలు చేసివ్వటంలో ఉండదు. ఆ సీలు ఎవరు చేస్తారన్నది ఒప్పందంలో రాసి ఉండాలి, పాత కార్మికుని దయమీద ఉండకూడదు.

శరత్‌కు వారసుడిగా కొత్త పదాతిదళ వాహనం తయారుచేయాలన్న పథకం పదిహేనేళ్ళకు పైబడి నలుగుతున్నది. టెండర్లు పిలిచారు, ఆపారు, మళ్ళీ పిలిచారు. ఏదో ఒకనాడు ఆ బండి వస్తుంది, బహుశా ఎవరో రంగుల కరపత్రం నాకూ పంపుతారు. అందులో తుపాకీ మిల్లీమీటర్లు, క్షిపణి కిలోమీటర్లు, తెరలు, కెమెరాలు అన్నీ ఉంటాయి. నేను మాత్రం వెనుక పేజీ తిప్పి, ఇంజను దించడానికి ఎందరు మనుషులు, ఎన్ని గంటలు, ఏ క్రేను కావాలో రాశారా అని వెతుకుతాను. ఆ పని చెప్పే పుస్తకం హిందీలోనైనా, తెలుగులోనైనా అచ్చువేశారా అని కూడా.