మంచం పట్టిన పెద్దలకు ఇంట్లో సేవ: బాధ్యత ఎవరిది?

పావగడ తాలూకాలో ఏ పల్లెకు వెళ్లినా అరుగుల మీద పెద్దవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పిల్లలు పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లిపోయారు. పైగా ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగి కీళ్లు పట్టేసినవారు, వెన్ను వంగిపోయినవారు మన మధ్యే ఉన్నారు. దానికి పక్షవాతమో, షుగరో తోడైతే మనిషి మంచం పడతాడు.

అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? ఏజెన్సీకి ఫోను చేసి ‘హోమ్ నర్సు’ను పంపమంటారు. లేదా ఊళ్లోనే ఒక మనిషిని జీతానికి పెడతారు. నెలనెలా డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకుంటారు. ఇది సరికాదు.

ఆమధ్య ఒక కుటుంబంవారు నా వద్దకు వచ్చారు. పక్షవాతం వచ్చిన తల్లికి నడుము కింద కొంచెం ఎర్రబడిందని, ఏదైనా తైలం ఇవ్వమని అడిగారు. వెళ్లి చూస్తే పుండు లోతుకు దిగిపోయింది. ఆయా చెడ్డ మనిషి కాదు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎర్రబడిన చోట రోజూ గట్టిగా మర్దన చేసింది. మంచిదే చేస్తున్నాననుకుంది. నేను తైలం ఇవ్వలేదు, వెంటనే ఆసుపత్రికి పంపించాను.

చట్టం ఏమంటోంది?

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పిస్తుంది. ఇంటికి వచ్చి చేసే సేవ ఎలా ఉండాలో అది చెప్పదు. ఈ లోటు తీర్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ఇలాంటి సేవలందించే సంస్థలు రిజిస్టరు చేసుకోవాలన్నది అందులోని ఒక అంశం. అది చట్టం కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటే రద్దయిపోయింది. కాబట్టి మీ గుమ్మంలోకి వచ్చే మనిషికి శిక్షణ ఉందో లేదో అడిగి తెలుసుకోవలసింది మీరే.

ఆరు అవసరాలు

ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి అవసరాలు ఉన్నాయని యునానీ వైద్యం చెబుతుంది. వీటినే ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. ఇంట్లో జరిగే సేవ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన కొలత లేదు.

గాలి: గదిలోకి గాలి, వెలుతురు వస్తున్నాయా?

అన్నపానాలు: కూర్చోబెట్టే తినిపిస్తున్నారా? పడుకోబెట్టి తాగిస్తే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి.

కదలిక, విశ్రాంతి: పక్క మారుస్తున్నారా? మడమలు, తుంటి, నడుము కింది భాగం రోజూ చూస్తున్నారా?

మనసు: ఆ పెద్దమనిషితో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడుతున్నారా? కసురుతున్నారా?

నిద్ర: పగలంతా నిద్రపుచ్చి రాత్రి మెలకువగా ఉంచుతున్నారా?

విసర్జన: తడిసిన గుడ్డ వెంటనే మారుస్తున్నారా? మలబద్ధకం ఉంటే వైద్యుడికి చెబుతున్నారా?

మన వైద్యం పేరుతో జరిగే పొరపాట్లూ ఉన్నాయి. ఎర్రబడిన చోట మర్దన చేయకూడదు. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడుతుంటే అసలు రుద్దకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ప్రాణం మీదికి రావచ్చు. ఫ్లోరైడ్ వల్ల బిగుసుకున్న వెన్నును బలవంతంగా వంచితే ఎముక విరగవచ్చు. బీపీ, షుగరు మాత్రలు ఆపి భస్మాలు మింగించడం మరీ ప్రమాదం. ఇంజెక్షను వేయడం, మూత్రం పైపు పెట్టడం శిక్షణ పొందిన నర్సు చేయవలసిన పనులు, ఆయాకు అప్పగించకండి.

మంచం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ మాత్ర ఎన్నింటికి ఇచ్చారు, ఎప్పుడు పక్క మార్చారు, మల మూత్రాలు ఎలా ఉన్నాయి, అన్నీ రాయించండి. రాయడం రాకపోతే గీతలు పెట్టినా చాలు. ఊరికి వచ్చినప్పుడు ముందు దుప్పటి తీసి వీపు చూడండి, తర్వాత పుస్తకం చూడండి.

చివరిగా ఒక మాట. ఆ ఆరు అవసరాలు సేవ చేసే మనిషికీ ఉంటాయి. ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషిని మేలుకొని ఉండమంటే మాత్ర తప్పుతుంది, చెయ్యి జారుతుంది, నోరు కూడా జారుతుంది. ఆమెకు రాత్రి నిద్ర, వారానికి ఒక రోజు సెలవు, వేళకు జీతం ఇవ్వండి. ఆ సెలవు రోజున మీరే మంచం పక్కన కూర్చోండి. ఆ ఒక్కరోజులో మీకు తెలిసేది ఫోనులో ఏడాదంతా అడిగినా తెలియదు.

దిక్కులేని పెద్దవారు ఎవరైనా మీ వీధిలో కనిపిస్తే వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయండి. అంతకంటే ముందు ఒకసారి లోపలికి వెళ్లి పలకరించండి.